నా చోటికి మనిషి

ప్రొడక్ట్ హెడ్ అయిన రెండేళ్లకు ఆమె ధైర్యం చేసి డైరెక్టర్ గదిలోకి వెళ్లింది.

“సార్, నన్ను మళ్లీ కోడింగ్‌కి పంపించెయ్యండి. జీతం తగ్గించినా పర్లేదు. ఈ మీటింగుల్లో ఊపిరాడటం లేదు.”

కోడింగ్ నుంచి టెస్టింగ్‌కు, అక్కణ్ణుంచి కస్టమర్ల ఫిర్యాదులకు, చివరికి ప్రొడక్ట్‌కు, ప్రతిసారీ “ఆర్నెల్లేనమ్మా” అంటూ ఆమెను మార్చింది ఆయనే. తన ప్రతిభ చూసేనని ఆమె నమ్మింది.

ఆయన లేచి తలుపు వేశాడు.

“నీ సీట్లో ఉన్నప్పుడు నేనూ ఇదే అడిగానమ్మా. నా చోటికి మనిషిని తయారుచేస్తే వదిలేస్తామన్నారు. అందుకే నిన్ను తయారుచేశాను.”

“మరి మిమ్మల్ని వదిలారా?”

“డైరెక్టర్ని చేశారు.”

ఆయన మెల్లగా అడిగాడు. “నీ టీములో కోడు బాగా రాసేదెవరు?”

ఒక అమ్మాయి పేరు ఆమె నోటిదాకా వచ్చింది.

“ఎవరూ లేరు సార్” అని, మీటింగుకు వెళ్లిపోయింది.