చక్రం తిరిగితేనే

"టైర్లలో గాలి బానే ఉంది వదినా. కారే ఇంకా పాత వింటర్ టైర్లలో గాలి కొలిచే సెన్సర్లని వెతుకుతోంది. శనివారం వచ్చి రీసెట్ చేస్తాను," ఫోన్‌లో చెప్పాడు రుత్విక్. సుధీర్‌తో కలిసి పనిచేసినవాడు.

"అవి గరాజ్‌లోనే ఉన్నాయిగా?"

"ఉన్నా లాభం లేదు. చక్రం తిరిగితేనే సిగ్నల్ ఇస్తాయి."

ఏప్రిల్‌లో, మంచు కాలం అయిపోయాక, ఆ టైర్లు చక్రాలతో సహా తీసి గోడకి తగిలించిన వారానికే హైమ భర్త సుధీర్ పోయాడు. ఇంట్లోకి వెళ్తూ గోడనున్న చక్రాలను ఒక్కొక్కటే వేలితో తిప్పడం అతని అలవాటు.

హైమ ఫోన్ పెట్టేసి కారును గరాజ్‌లోకి పోనిచ్చింది. హెడ్‌లైట్ల వెలుగు చక్రాలున్న పక్క గోడ మీద పడలేదు. డాష్‌బోర్డు మీద గాలి అంకెలుండాల్సిన చోట నెలల తరబడి నాలుగు గీతలే ఉన్నాయి. ఇప్పుడు మొదటి గీత పోయి, ముప్ఫై ఒకటి అని పడింది.

కిటికీ దించింది. గోడ వైపు నుంచి సన్నగా కిర్రుమంది.

రెండో గీత పోయింది. కాసేపటికి మూడోదీ.

నాలుగో చక్రం ఇంట్లోకి వెళ్లే వంటింటి తలుపు పక్కనే ఉంది.

"తాళం వేయలేదండీ," అంది హైమ మెల్లగా.