ఇంటిపేరు సిల్వాది

"ఆగక్కడ! ఇంకో అడుగేశావో, కాల్చేస్తా."

ముళ్లకంచె అవతల ముసలాయన ఆగిపోయాడు. రెండు చేతులూ పైకెత్తబోయి, ఎడమ చెయ్యి మాత్రం సగంలోనే దించేశాడు.

ఆ వేసవిలో హంగరీ మైదానమంతా ప్లేగు భయం. సిల్వాద్ ఊరు సగం ఖాళీ అయిపోయింది. అక్కణ్ణుంచి ఎవరొచ్చినా లోపలికి రానివ్వొద్దని ఈ ఊరిపెద్ద ఆజ్ఞ. ఆ పూట కాపలా చానాది అంబ్రుష్‌ది.

"పేరు?"

"సిల్వాది మార్తోన్."

అంబ్రుష్ తుపాకీ గురిపెట్టాడు. "సిల్వాద్‌వాడివా? పైగా దర్జాగా చెప్తున్నావా!"

"కాల్చేముందు ఒక్క మాట బాబూ. నీ పేరు?"

"చానాది అంబ్రుష్."

"చానాద్‌లో ఎన్నాళ్లున్నావు?"

"నేనా? ఆ ఊరు మొహమే చూళ్లేదు. మా తాత అక్కడ గుర్రాన్ని దొంగిలించి ఇటు పారిపోయొచ్చాడు. చానాది, అంటే చానాద్‌వాడు అని ఇక్కడోళ్లు పిలిచి పిలిచి..." అంబ్రుష్ మాట మధ్యలో ఆగింది.

"సిల్వాద్‌లో అందరూ సిల్వాద్‌వాళ్లే. అక్కడ ఎవణ్ణయినా సిల్వాది అంటారా?"

అంబ్రుష్ ఒక్క క్షణం ఆలోచించాడు. తుపాకీ దించి పగలబడి నవ్వాడు.

"నిజమే! ఆ పేరున్నోడు ఆ ఊళ్లో ఉండడు. అయితే మీ తాత కూడా మా తాతలాంటి ఘనుడే అన్నమాట!"

మార్తోన్ నవ్వలేదు. "దాహంగా ఉంది," అన్నాడు.

అంబ్రుష్ కంచె తలుపు తీసి, పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య బొర్బాలా క్యాబేజీ సూపు, రొట్టె పెట్టింది. మార్తోన్ వాటిని ముట్టుకోలేదు. నీళ్లు మాత్రం మూడు చెంబులు తాగాడు. పొయ్యి దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"ఇంత ఎండలో చలేంటి బాబాయ్?" బొర్బాలా నవ్వింది.

రెండేళ్ల ఇల్కా అతని ఒళ్లోకెక్కింది. చెంబులో మిగిలిన నీళ్లు గడగడా తాగేసింది.

"కొత్తవాళ్ల దగ్గరికి అస్సలు వెళ్లదు, నీ దగ్గరికి మాత్రం భలే వచ్చింది," అంటూ బొర్బాలా రొట్టె ముక్క తుంచి పాపకిచ్చింది. "ఇంతకీ బాబాయ్, మీ వంశంలో ఆ పేరు మొదట ఎవరికొచ్చింది?"

మార్తోన్ ఎర్రటి కళ్లతో పాప వంక చూశాడు.

"నాకేనమ్మా... నిన్న పొద్దున పక్క ఊరి కంచె దగ్గర, నా మీదికి కుక్కల్ని ఉసిగొల్పుతూ ఆ పేరు పెట్టారు."