అద్దం కొలత

ఇన్నేళ్ళుగా కిటికీకి కర్టెన్‌లా వేలాడుతున్న పాత దుప్పటిని అతను ఒక్క లాగు లాగి కింద పడేశాడు.

గదిలోకి బోలెడంత వెలుగు, దాంతోపాటు బోలెడంత దుమ్మూ వచ్చి పడ్డాయి.

"ఒరేయ్, నీ పెళ్ళికైనా ఇంత హడావిడి పడలేదు కదరా!" అని తల్లి తుమ్ముతూనే నవ్వింది.

ఎందుకు పడడు? నాలుగింటికి డాక్టరమ్మ వస్తోంది. ఆవిడ కొత్త ఆస్పత్రికి పద్నాలుగు కిటికీలు. "ముందు మీ ఇంటికొచ్చి మీ పనితనం చూస్తాను" అని అతని భార్యతో చెప్పిందట.

భార్య ఊళ్ళో సగం ఇళ్ళకు కర్టెన్లు కుట్టింది. సొంత కిటికీకి మాత్రం దుప్పటి. దీపం కిందే చీకటి మరి.

కుట్టిన సరుకు ఇచ్చి రావడానికి ఆమె పొద్దున్నే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇల్లు చూసి నోరెళ్ళబెట్టాలని అతని పంతం.

అతనిది కిటికీలకూ బీరువాలకూ అద్దాలు బిగించే పని. కొట్లో మిగిలిన అద్దం ముక్కను కిటికీకి ఎదురుగా గోడకు బిగించాడు. ఇరుకు గది కాస్తా రెండింతలైంది. కుర్చీలను నూనె గుడ్డతో రుద్ది మెరిపించాడు. సోఫా చిరుగు మీదికి తల్లి శాలువా వచ్చింది.

"నాకు చలేస్తేనో?"

"డాక్టరమ్మ వెళ్ళేదాకా ఓర్చుకో అమ్మా."

ఇక కర్టెన్. బట్టల కొట్లో థాను చివర మిగిలిన నీలం గుడ్డ సగం ధరకే దొరికింది. కిటికీని మూడుసార్లు కొలిచి, వెంట్రుకవాసి తేడా రాకుండా కోశాడు. తల్లి మిషను చక్రం తిప్పింది, అతను గుడ్డ తోశాడు. రెండు సూదులు విరిగాయి, కుట్టు వంకర్లు పోయింది. అయితేనేం, తగిలించేసరికి అంచులు కిటికీ చౌకట్టుకు సరిగ్గా సరిపోయాయి.

అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

నాలుగవడానికి పది నిమిషాలుందనగా భార్య వచ్చింది. అద్దం చూసి నవ్వింది. కుర్చీలు చూసి నవ్వింది. కిటికీ దగ్గర ఆగిపోయింది.

అద్దమైతే కిటికీకి సరిగ్గా సరిపోవాలి. కర్టెన్‌కు రెండింతల గుడ్డ కావాలి, అప్పుడే మడతలు పడతాయి. ఇదేమో ఆరేసిన తువ్వాలులా వేలాడుతోంది.

"మీరే కుట్టారా?"

"నేనే! కొలత చూడు, పోగంత కూడా ఎక్కువ లేదు!"

ఆమె వంకర కుట్టు మీద వేలు పెట్టి చూసింది. అత్తగారికి అనుమానం వచ్చింది.

"బాగోకపోతే తీసెయ్యమ్మా. ఆవిడ వచ్చేది నీ పని చూడ్డానికే కదా."

అప్పటిదాకా గెంతులేసిన మనిషి చప్పబడిపోయాడు. భార్య చేయి కర్టెన్ అంచు మీదికి వెళ్ళింది.

వేలాడుతున్న దారాన్ని పంటితో కొరికి తెంపింది. అంతే.

తలుపు చప్పుడైంది.

డాక్టరమ్మ అద్దాన్ని మెచ్చుకుంది. కూర్చోబోతూ కిటికీ వైపు చూసింది.

"ఇది... మీరు కుట్టిందేనా?"

వంటింట్లో టీ కప్పులు పట్టుకుని అతను ఊపిరి బిగబట్టాడు.

"కాదండీ. మావారు నా కోసం కుట్టారు."

డాక్టరమ్మ ఆ కర్టెన్‌ను ఇంకోసారి చూసి, ఆస్పత్రి కిటికీల కొలతలున్న కాగితం సంచిలోంచి తీసి ఆమె చేతికిచ్చింది.