మిగిలిన సున్నం

"ఆపమ్మా! ఏం చేస్తున్నావసలు?"

కారు తలుపు కూడా వెయ్యకుండా రూబెన్ ఏటిగట్టు దిగి పరిగెత్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. నిలువెత్తు నల్లరాతి గోడ తెల్లగా మెరుస్తోంది. దాని ముందు గొంతుక్కూర్చుని ఒక ముసలామె అడుగుభాగానికి సున్నం పూస్తోంది. పక్కన ఇసుకలో గుచ్చిన కొవ్వొత్తి గాలికి రెపరెపలాడుతోంది.

"కనపడట్లా? సున్నం వేస్తన్నా," అందామె తల తిప్పకుండానే. "ఇయ్యాల సమాధుల పండగ గదా."

"ఇది సమాధి కాదు."

"మరి?"

రూబెన్ గట్టు మీది దారి వైపు ఒకసారి చూసుకున్నాడు. వరదల్లో కొట్టుకుపోయి, శవం కూడా దొరకని వాళ్ల జ్ఞాపకంగా ఢిల్లీ వాళ్లు ముక్త్యాల దాటాక ఈ కృష్ణ ఒడ్డున జాతీయ స్మారక భవనం, మ్యూజియం కట్టాలనుకున్నారు. ఆర్కిటెక్ట్‌గా రూబెన్ దానికి ఒక గోడను గీశాడు. నునుపు చెయ్యని నల్లరాతి గోడ. గట్టు మీద మొదలై నీళ్లలోకి దిగిపోతుంది. గోడ నిండా పేర్లు. ఏరు పొంగితే పేర్లు మునుగుతాయి, తగ్గితే మళ్లీ తేలతాయి. రంగు లేదు, దీపాలు లేవు. కమిటీ వాళ్లు గోపురం పెట్టమన్నారు, పాటకు ఎగిరే ఫౌంటెన్ పెట్టమన్నారు, సెల్ఫీ పాయింట్ ఎక్కడని అడిగారు. కాదని చెప్పీ చెప్పీ అతని గొంతు అరిగిపోయింది. చివరికి, గోడలో ఒక ముక్క కట్టి చూపించండి, నచ్చకపోతే పోటీలో ఉన్న రెండోవాళ్ల గాజు గోపురమే ఖాయం అన్నారు. ఆ ముక్క ఇది. కమిటీ వాళ్లు నందిగామ దాటారని చాలాసేపటి కిందటే ఫోనొచ్చింది.

"ఇది నమూనా అమ్మా. ఉత్త నమూనా. కింద ఎవరూ లేరు."

"పేరుందిగా? ఎవరూ లేకుండానే పేరు చెక్కుతారా ఎవరన్నా?"

పేరు చెక్కిన చోట సున్నం చిక్కగా పట్టేసి ఉంది. ఒక్క అక్షరం కనిపించడం లేదు. రూబెన్ జగ్గయ్యపేటలో ఉన్న రాతిపని రత్నబాబుకు ఫోన్ చేశాడు.

"గోడకు ఎవరో సున్నం కొట్టేశారయ్యా. ఏం చెయ్యను?"

"ఓరి దేవుడా! తడిగా ఉందా సార్? తడిగా ఉంటే నీళ్లు కొట్టండి, పోద్ది. ఆరిందంటే మాత్రం నా వల్ల కూడా కాదు. అక్షరాల్లోకి దిగిందా?"

"దిగింది. అసలు నువ్వేం చెక్కావో కూడా తెలియడం లేదు."

"ఏ పేరు చెక్కమంటారని రెండుసార్లు ఫోన్ చేశాగా సార్. ఏదో ఒకటి చెక్కు, నన్ను చంపకు అన్నారు. నాకు తెలిసిన మంచి పేరే చెక్కా."

కోపం రావలసిన చోట రూబెన్‌కి అలసట వచ్చింది. ఈ మధ్య అంతే. ముక్కూ మొహం తెలియని వేలమంది చావును ఊహించుకుని గీసీ గీసీ, తనలోనే ఏదో గదికి తాళం పడినట్టుండేది. ఎవరైనా పలకరిస్తే ఆ మాట ఎక్కడో దూరం నుంచి, వేరే ఎవరి కోసమో వచ్చినట్టుండేది. ఆ తర్వాత పలకరించేవాళ్లూ తగ్గారు. అది కూడా అతను ఆలస్యంగానే గమనించాడు.

"నిన్నెవరు వెయ్యమన్నారమ్మా?"

"ఒకరు చెప్పాలా?" ముసలామె కుంచె బకెట్లో పడేసింది. "నా పేరు దేవమణి. మాది ఈ పక్కూరే. తెల్లారకముందే మా ఆయన సమాధికి వేశా, మా అత్తకి వేశా. బతికున్నన్నాళ్లూ నన్ను సాధించింది గానీ, ఆమెకే రెండు పూతలు వేశా. ఇంకా సున్నం మిగిలింది. మిగిలింది ఇంటికి తీసుకుపోకూడదు సారూ. ఎవురూ రాని సమాధి చూసి దానికి వెయ్యాలి. సమాధుల తోటలో అన్నిటికీ ఎవరో ఒకళ్లు వచ్చారు. ఇదొక్కటే ఇక్కడ ఒంటరిగా నిలబడుంది. ఒక పువ్వా, ఒక కొవ్వొత్తా! పెళ్లాం పిల్లలు లేరో, ఉండీ తీరిక లేదో."

"ఇప్పుడే కడిగెయ్యాలి. పెద్దవాళ్లు వస్తున్నారు. ఇలా చూశారంటే నా గోడ పోయినట్టే."

"నీ గోడైతే కడుక్కో. నేనేమన్నా పట్టుకున్నానా?"

రూబెన్ బకెట్ లాక్కుని, ఏట్లో కడిగి, నీళ్లు ముంచుకొచ్చాడు. విసరబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క మాట. నాకు చదువు రాదు. 'ప్రభువా, ఈ బిడ్డెవరో నీకు తెలుసు' అని మాత్రం చెప్పుకున్నా. ఆ పేరేందో చదివి చెప్పు. ఒక్కసారి పేరు పెట్టి ప్రార్థన చేసుకుంటా. ఆనక నీ ఇష్టం."

గట్టు మీద దుమ్ము లేచింది. రెండు తెల్లకార్లు మలుపు తిరుగుతున్నాయి. వాదించే ఓపిక లేక రూబెన్ దోసెడు నీళ్లు పేరున్న చోట చల్లి అరచేత్తో రుద్దాడు. సున్నం పాలలా కారిపోయింది. కింద నుంచి నల్లటి అక్షరాలు ఒకటొకటే బయటపడ్డాయి.

అతని చెయ్యి ఆగిపోయింది.

"ఏంది సారూ, నీక్కూడా చదువు రాదా?"

వెనక కార్ల తలుపులు ధడాలున పడ్డాయి. "ఏమిటయ్యా ఈ తెలుపు?" అని ఎవరో కేకేశారు. రూబెన్ తిరిగి చూడలేదు. నిండు బకెట్‌ని మెల్లగా ఇసుకలో దించాడు. కూర్చుని, ఆరిపోబోతున్న కొవ్వొత్తికి తడి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పు బాబూ," అంది దేవమణి కొంగు తల మీదికి లాక్కుంటూ. "ఎవరంట, పాపం?"

"రూబెన్," అని చదివాడు రూబెన్.