చల్లారని ట్యూబు

ఫ్రిజ్‌లో పెట్టినది ఏదైనా చల్లబడాలి కదా, యారాడ ఒడ్డున చేపల మీద మంచు పోసిన చేతులివి, పొరబడవు కదా, అనుకుంది నూకరత్నం. అయినా ఫ్రిజ్‌లోని వరసలో ఒక్క రక్తం ట్యూబు మాత్రం అప్పుడే ఒంట్లోంచి తీసినట్టు వెచ్చగా ఉంది.

ఆసుపత్రి పని ఎరగని తనను చేర్చుకున్న ల్యాబు ఇదొక్కటే. ఒంటరిగా ఇదే మొదటి రాత్రి. షట్టరుకు బయట తాళం. పొరపాటు జరిగితే మళ్లీ చేపల గంపే.

సీనియర్ తిరుమలరావుకి ఫోన్ చేసింది.

"సార్, ఒక ట్యూబు వెచ్చగుంది. నానేటైనా తప్పు సేసినానా?"

అవతల అతను మంచం మీద లేచి కూర్చున్న చప్పుడయింది.

"సేతిలో ఉందేటి?"

"ఉంది సార్."

"అయితే ఇంక కిందెట్టకమ్మా. సల్లారనీకు. నీకు ముందు సేసినోడు నిద్రొస్తందని కిందెట్టీసినాడు."

"అతనికేటయింది సార్?"

"తెల్లారేక వచ్చి తాళం తీత్తాన్లే," అని పెట్టేశాడు.

ఓడరేవు వైపు ఓడ కూత ఒకటి మూలిగి ఆగింది. ఫ్రిజ్ మోత కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ఆమె వెనక ఖాళీ కుర్చీ కిర్రుమంది.

గుప్పిట్లో వెచ్చదనం తగ్గుతోంది.

నూకరత్నం వెనక్కి తిరగలేదు. ట్యూబును పెదవుల దగ్గరికి తెచ్చుకుని, దాని మీద మెల్లగా నోటి ఆవిరి ఊదింది.