ప్లీడరు గారి పన్ను

డాక్టరు మోచెయ్యి తగిలి స్టాండు మీదున్న కొత్త మిషను కింద పడి ముక్కలైంది. డాక్టరు కొట్టిన దెబ్బ మాత్రం నర్సు చెంప మీద పడింది.

చప్పుడు విని పక్క గదిలోంచి డాక్టరు మామగారు పరుగెత్తుకొచ్చాడు. ఆ పళ్ళ ఆసుపత్రి ఆయనదే, మిషనూ ఆయన కొన్నదే. అల్లుడికి ఆయనంటే హడల్.

"ఇదిగో, ఈవిడగారి నిర్వాకం" అని డాక్టరు నర్సును చూపించాడు.

నర్సు చెంప పట్టుకునే, తను అసలు ముట్టుకోలేదని, డాక్టరు గారి చెయ్యే తగిలిందని చెప్పింది. నమ్మకపోతే కుర్చీలో పడుకున్న పేషెంటును అడగమంది. ఆయన పేరున్న ప్లీడరు. కోర్టులో నోరు విప్పాడంటే జడ్జీలే బతిమాలి ఆపాలట. అంతా ఆయన కళ్ళ ముందే జరిగింది.

"ఏమండీ, మీరు చూశారా?" అన్నాడు మామగారు.

ప్లీడరు డాక్టరు వంక చూశాడు. డాక్టరు అప్పటికే సూది చేతిలోకి తీసుకున్నాడు.

"నేను కళ్ళు మూసుకుని ఉన్నానండి" అన్నాడు ప్లీడరు.

మామగారు ఇక రెండో మాట వినలేదు. ఈ పేషెంటు పని కాగానే వెళ్ళిపొమ్మని, రేపట్నుంచి రానక్కర్లేదని నర్సుకు చెప్పేశాడు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారికీ, చదువుకునే పిల్లలకీ ఆమె జీతమే ఆధారం.

డాక్టరు మామగారిని సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళగానే ఆమె ప్లీడరు మీదికి వంగింది.

"ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయిందండీ?"

"ఏం చెయ్యనమ్మా, కాసేపట్లో నా నోరు ఆయన చేతిలో పెట్టాలి. ఇప్పుడు ఆయనతో గొడవెందుకు చెప్పు? నువ్వంటే చిన్నదానివి, ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది."

ఆ చివరి మాటకి ఆమె ఒళ్ళు భగ్గుమంది. చెంపదెబ్బ కూడా అంత మండలేదు.

డాక్టరు చిరాకు పడుతూనే తిరిగొచ్చాడు. ప్లీడరు నోరు మూతపడకుండా క్లిప్పు బిగించి, దూది కుక్కాడు. మిషనుతో పాటు కింద పడ్డ ప్లీడరు పళ్ళ ఎక్స్‌రే తీసి లైటు బోర్డుకు తగిలించాడు. ఆ విసురులో తిరగేసి తగిలించాడు. పుచ్చింది ఎడమవైపు పన్నైతే, బోర్డు మీద అది కుడివైపుకి వచ్చింది. నర్సు చూసింది. కుడివైపు చిగుళ్ళలో సూది దిగేదాకా ప్లీడరుకు సంగతి తెలియలేదు.

"ఆ... ఆ..." అంటూ ఎడమ దవడ చూపించబోయాడు. కాస్త ఓర్చుకోవాలంటూ డాక్టరు ఆ చెయ్యి కిందికి నొక్కేశాడు. మత్తెక్కింది. రాయిలాంటి కుడి పన్నును పటకారు పట్టుకుంది. ప్లీడరు కళ్ళనిండా నీళ్ళతో నర్సు వంక చూశాడు. ఒక్క మాట చెప్పు తల్లీ అని ఆ కళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డాయి.

నర్సు చేతిలో ట్రే పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"డాక్టరు గారూ, ఒక్క నిమిషం ఆగండి."

పటకారు ఆగింది. ప్లీడరు హమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పేషెంటు కదిలిపోతున్నారు సార్. నేను తల గట్టిగా పట్టుకుంటాను, మీరు లాగండి."