గోడ మీద అక్క

"ఈ మాల నేను కట్టింది కాదు సామీ. నేను అరటినారతో కడతాను. ఇది నూలు, చూడు," అంది పూలమ్మే సెల్లమ్మ, మాలను తిప్పి చూపిస్తూ.

యువరాజ్ మాలను అందుకుని ఆ నూలుదారం లాగి చూశాడు. తిరుత్తణిలో కొండకు పోయే దారి పొడవునా గోడలకు బొమ్మలు వేసే పని అతనిది. నెమళ్లు వెయ్యమన్నారు, వేశాడు. కావళ్లు వెయ్యమన్నారు, వేశాడు. బస్సు మలుపు దగ్గరి గోడ మీద మాత్రం అతనికి నచ్చింది వేసుకోనిచ్చారు. అక్కడ నేతపని చేసే వళ్ళియమ్మను వేశాడు. మగ్గం ముందు కూర్చుని, అచ్చం మనిషంత ఉంటుంది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

ఇప్పుడు నాలుగు రోజులుగా ఎవరో తెల్లవారేసరికి ఆ బొమ్మ మెడ దగ్గర మేకుకు పూలమాల తగిలించి పోతున్నారు. నిన్నటి నుంచి నుదుట చందనం, కుంకుమ కూడా పెడుతున్నారు.

నెమలికి మాల వేస్తే భక్తి అనుకుంటారు. మనిషి బొమ్మకు వేస్తే ఆ వైపు ఊళ్లలో ఒకటే అర్థం. దూరపు చుట్టాలిద్దరు ఆ మాల చూసి కళ్లు తుడుచుకుంటూ పరామర్శకు పోతే, వళ్ళియమ్మే తలుపు తీసింది. ఊరికి నవ్వులాటగానే ఉంది గానీ, బొమ్మ వేసిన పాపానికి యువరాజ్‌కు అన్నం సహించడం లేదు. బతికున్న మనిషికి తన చేతులతో తనే కీడు తెచ్చాననుకున్నాడు.

అతను ఇంటికి పోయేసరికి వళ్ళియమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. కాళ్ల పక్కన తడిగుడ్డ కప్పిన బుట్ట ఉంది. ఆవిడ లేవలేదు. గడప పక్కన కూర్చోమంది.

"అవ్వా, కృత్తిక పండగకు ముందరే బొమ్మకు సున్నం కొట్టేస్తాను. నాకు మనసు బాగలేదు."

"వద్దు నాయనా. తుడిచేస్తే నేను నిజంగానే పోయినట్టు గదా."

"నూలుతో కట్టినారు ఆ మాలను. మీ నేతోళ్లలోనే ఎవురో ఉండారు."

"ఈ వీధిలో నూలు లేని ఇల్లు యాడుంది?" అని ఆవిడ నవ్వింది. ఈ రాత్రి నుంచి గోడకు కాపలా తనే కాస్తానంది. ముసలిదానికి నిద్ర ఎలాగూ పట్టదట, అతన్ని ఇంటికి పోయి హాయిగా పడుకోమంది.

యువరాజ్‌కు ఆవిడ మీద జాలి ముంచుకొచ్చింది. ఆ బొమ్మకు ఆవిడ ఎందుకు ఒప్పుకుందో అతనికి తెలుసు. బస్సు మలుపు గోడయితేనే కూర్చుంటానంది. ఆరణిలో ఉండే తమ్ముడు దండపాణి ప్రతి కృత్తికకూ ఆ మలుపు మీదుగానే కొండకు వస్తాడు. అక్క ఇంటికి మాత్రం రాడు. తమ్ముడు మగ్గం పీకేసి కంపెనీలో చేరాడన్న కోపంతో, తల్లి కర్మనాడు పదిమందిలో, "నువ్వు మాయమ్మ కడుపున పుట్టలేదురా," అని వళ్ళియమ్మ నోరు జారింది. అతను పౌరుషం గల మనిషి. "నువ్వు సచ్చినాకనే నీ గడప తొక్కుతా," అని లేచిపోయాడు. ఆ మాట మీదే ఏళ్లు గడిచిపోయాయి. అక్క రమ్మంటే రాడు, తనే పోతే లోపలికి రానివ్వడు. బొమ్మలోనైనా తన మొహం చూస్తే మనసు కరగదా అని ఆవిడ ఆశ.

పోయిన కృత్తికకు తమ్ముడు ఆ బొమ్మను చూశాడు కూడా. గోడ పక్కనే నిలబడ్డ వళ్ళియమ్మ, బస్సు కిటికీలో తమ్ముడు మొహం తిప్పుకోవడం కళ్లారా చూసింది. ఆ రోజు ఆవిడ ఏడ్చిన ఏడుపు యువరాజ్ ఇంకా మరిచిపోలేదు. దెబ్బ మీద దెబ్బగా ఇప్పుడు ఈ మాలలు.

మర్నాడు మళ్లీ మాల పడింది. ఎవరూ కనపడలేదనీ, కన్ను మూసి తెరిచేలోగా వేసి పోయారనీ వళ్ళియమ్మ చెప్పింది. ముసలావిడ కునికిపాట్లు పడుంటుందని యువరాజ్ సరిపెట్టుకున్నాడు.

కృత్తిక రానే వచ్చింది. ఆరణి బస్సు మలుపు తిరుగుతూ నెమ్మదించింది. అది పూర్తిగా ఆగకముందే ఒక మనిషి దూకేశాడు. పచ్చపంచె, మెడలో తులసిపూసలు, చేతిలో కొండకు తెచ్చిన పూజసంచి. సంచి ఎక్కడ జారిపోయిందో కూడా చూసుకోలేదు. నేతవీధిలోకి పరుగెత్తాడు. యువరాజ్ ఆ సంచి తీసుకుని వెనకే పోయాడు.

దండపాణి గడప దాటి లోపల పడ్డాకగానీ మగ్గం చప్పుడు అతని చెవికెక్కలేదు.

"అక్కా... ఉండావా నువ్వు?"

"ఉండాను. నువ్వు వస్తావని ఉండాను."

అతను మగ్గం పక్కనే కూలబడి, అక్క మోకాళ్ల మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ తల నిమురుతూ, ఆ రోజు తనదే తప్పని చెప్పింది. తప్పు ఎవరిదైతే ఏం, ఏళ్లు పోయాయి గదా అన్నాడు తమ్ముడు. గడప దగ్గర నిలబడ్డ యువరాజ్‌కు కూడా కళ్లు చెమర్చాయి.

కాస్త తేరుకున్నాక దండపాణికి కోపం వచ్చింది. "ఆ మాల వేసినోడు దొరికితే చెంపలు పగలగొడతాను. బతికున్న మనిషికి..."

"పోనీలేరా, పావం," అంది వళ్ళియమ్మ. "వాని పుణ్యాన నువ్వు వచ్చినావు. యువరాజూ, వీడికి నీళ్లు ఇయ్యి నాయనా, నేను లేవలేను."

ఇద్దరూ కుండ వైపు తిరిగారు.

బుట్టలో తడిగుడ్డ కింద రేపటికని కట్టిపెట్టుకున్న మాలను ఆవిడ కాలితో గుంటలోపలికి తోసింది.